భద్రాచలంలో ఎన్ని అడుగులు? - మన లంకల వరద చరిత్ర



మన మండల సమాఖ్య బీరువాలో కింద అరలో ఒక మినిట్స్ పుస్తకం ఉంది. అట్ట ఉబ్బిపోయింది, కాగితాలు వేయించిన అప్పడాల్లాగ వంకర్లు తిరిగాయి. 2022 జూలైలో అది మా లంకలో ఒక ఇంట్లో, ట్రంకు పెట్టెలో, మూడు రోజులు గోదారి నీళ్ళలో నానింది. నీళ్ళు తీశాక ఒక్కో కాగితం విడదీసి దండెం మీద చీరల పక్కన ఆరేశాం. జెల్ పెన్నుతో పెట్టిన సంతకాలు నీలం మరకలైపోయాయి. మామూలు బాల్ పెన్నువి నిలిచాయి. ఎవరు ఎంత పొదుపు కట్టారో, ఎవరి అప్పు ఎంత మిగిలిందో, సభ్యుల చేతుల్లో ఉన్న పాస్ పుస్తకాలు చూసి మళ్ళీ రాసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. పాస్ పుస్తకాలు కూడా ఏట్లో పోయినవాళ్ళు చెప్పిన మాట నమ్మి రాశాం. ఒక్కరి దగ్గర గొడవ వచ్చింది, అదీ సర్దుకుంది.

ఈ ఏడాది నివేదికకి సమాఖ్య చరిత్ర రాయమన్నారు. చరిత్ర అనగానే మాకు ముందు ఆ పుస్తకమే గుర్తొచ్చింది. అందుకని సంఘాలు ఎప్పుడు పెట్టాం, ఎన్ని లింకేజీలు తీసుకున్నాం అన్నది పక్కన పెట్టి వరదల గురించి రాస్తున్నాం. ఇంకో కారణం కూడా ఉంది. పోయిన మహాసభలో వాయిదా పడిన తీర్మానం ఒకటి ఈసారి మళ్ళీ రాబోతోంది. దాని సంగతి చివర్లో చెప్తాం. చెయ్యెత్తే ముందు ఈ కథ అందరికీ తెలిసుంటే మంచిదని మా ఆలోచన.

నీళ్ళు ఎక్కడివి

జూలై వచ్చిందంటే లంకల్లో ఆడవాళ్ళు ఫోను తీసి ముందు అడిగే మాట "బాగున్నారా" అని కాదు, "భద్రాచలం ఎంతుందంట?" అని. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. మన ఊళ్ళో ఎండ కాస్తోంది, చినుకు లేదు, వరదేంటి అంటారు. నిజమే, మన మీద పడే వాన మనకి వరద తేదు. గోదారి నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. అయినా పెద్ద వరదలన్నీ నాసిక్ నుంచి వచ్చేవి కావు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది, అది విదర్భ నీళ్ళు తెస్తుంది. దాని కింద ఇంద్రావతి కలుస్తుంది, అది ఛత్తీస్‌గఢ్ అడవుల నీళ్ళు. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి పడుతుంది. ఈ మూడూ ఒకేసారి పొంగితే ఇక మనం మూటలు కట్టుకోవలసిందే.

ఆ నీళ్ళన్నీ పాపికొండల సందులోంచి ఇరుక్కుని దిగి, పోలవరం దాటి, రాజమండ్రి వంతెనల కింద నుంచి ధవళేశ్వరం చేరతాయి. అక్కడి నుంచి గౌతమి ఒక పక్కకి, వశిష్ఠ ఒక పక్కకి, వశిష్ఠలోంచి వైనతేయ చీలి మన మధ్యకి వస్తాయి. భద్రాచలంలో నీళ్ళు బాగా పెరిగిన తర్వాత ఆ పోటు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. తర్వాత కొన్ని గంటలకి మన గుమ్మం. ఈ ఒక్క రోజు సంగతి గుర్తు పెట్టుకోండి. మనం రాయబోయేదంతా ఆ ఒక్క రోజు గురించే.

ఇంకో మాట. టీవీలో ఇన్ని లక్షల క్యూసెక్కులు అని చదువుతూ ఉంటారు. పదో తరగతి దాకా చదువుకున్న మాకే చాలా కాలం అదేంటో తెలీదు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. మనం మోసే పెద్ద బిందెలు రెండు అనుకోండి. 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే కన్ను మూసి తెరిచేలోగా యాభై లక్షల బిందెలు. ఆ లెక్క విని మా సంఘంలో ఒక పిన్ని, "ఇంకెప్పుడూ బిందె బరువని అనను తల్లీ" అంది.

గట్టు ఎవరికి

గోదారి జిల్లాల్లో కాటన్ దొర బొమ్మ లేని ఊరు తక్కువ. 1833 ప్రాంతాల్లో మన వైపు ఘోరమైన కరువు వచ్చింది. పక్కన అంత ఏరు పారుతుండగా జనం తిండి లేక పోయారు. తర్వాత 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. ఆ రోజుల్లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి 1847లో పని మొదలెట్టారు. 1852కి పూర్తయింది. ఆయన దగ్గర పని చేసిన మన తెలుగాయన వీణెం వీరన్న పేరు కూడా చెప్పుకోవాలి. కూలీలని కూడగట్టింది, వాళ్ళ చేత పని చేయించింది ఆయనే. రాళ్ళు మోసిన ఆడకూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు, ఆ మాట పక్కన పెడదాం. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతది, 1970లో మొదలై 1982కి అయింది.

ఆనకట్ట వచ్చింది, కాలవలు వచ్చాయి, రెండు పంటలు వచ్చాయి. వాటితో పాటు ఏటికి రెండు వైపులా గట్లు పెరిగాయి. ఇక్కడే మన కథ రెండు ముక్కలైంది. గట్టుకి ఊరి వైపు ఉన్నవాళ్ళు ఒకరు, ఏటి వైపు ఉన్నవాళ్ళు ఒకరు. మన సమాఖ్యలో గ్రామ సంఘాలు రెండు వైపులా ఉన్నాయి. లంకలంటే రెండు గట్ల మధ్య, ఏటి కడుపులో ఉన్న నేల. గట్టు ఎంత గట్టిదైతే, ఎంత ఎత్తైతే, వరద అంత మధ్యలోనే ఉండాలి. అది పక్కకి పరుచుకోవడానికి వీల్లేదు గనక లంక మీదికే ఎక్కుతుంది. గట్టు కట్టడం తప్పని మేము అనటం లేదు. గట్టు లేకపోతే అమలాపురం లేదు, వరి చేలు లేవు. కానీ ఊరి వైపు అక్కకి ధైర్యం ఇచ్చే గట్టే ఏటి వైపు చెల్లెలి ఇంట్లో నీళ్ళు ఒక మెట్టు పెంచుతుంది. ఈ సంగతి బళ్ళో పాఠంలో మాకెవరూ చెప్పలేదు, లంకకి కోడళ్ళుగా వచ్చాక తెలిసింది.

మరి లంకల్లో ఎందుకుంటారు అని అడుగుతారు. ఒండ్రు. వరద తీశాక పడే ఆ మెత్తటి మట్టిలో కంద, పసుపు, అరటి, తమలపాకు, కూరగాయలు మందు పెద్దగా వెయ్యకుండానే పండుతాయి. అమలాపురం, రావులపాలెం సంతల్లో మీరు కొనే అరటి గెలల్లో చాలా వరకు లంకలవే. ఏరు ఏటా తీసుకుంటుంది, ఏటా ఇస్తుంది. కొన్నేళ్ళుగా ఒడ్డు కోసుకుపోయి నేల నేలే ఏట్లో కలుస్తోంది, అది మాత్రం తిరిగి ఇవ్వటం లేదు.

1986

1953 ఆగస్టు వరద గురించి ముసలివాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు చెప్తే విన్నాం. 1986 అలా కాదు, మన అత్తగార్లు, అమ్మలు కళ్ళారా చూశారు. ఆ ఆగస్టు 16న భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకి వెళ్ళింది. ఇప్పటికీ దాన్ని దాటింది లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు.

మాలో ఎవరం అప్పటికి పుట్టలేదు, లేదా ఒళ్ళో పిల్లలం. ఒక అత్తగారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాం. "దండోరా వేశారు అమ్మాయ్, ఏరొత్తంది గట్టెక్కండని. ఏటా వేసే దండోరాయే గదా అనుకున్నాం. రేడియోలో అడుగులు చెప్తన్నారంట, మాకేం తెల్సు, భద్రాచలం గుడి దగ్గర అడుగులైతే మా ఇంటికేటి? సాయంత్రం దాకా వాకిట్లో కర్ర పాతి చూత్తా కూకున్నాం. కర్ర మునిగాక లేచాం." అరటి బోదెలు కట్టిన తెప్ప మీద పిల్లల్ని, మేకని, బియ్యం తపేలాని పెట్టి గట్టు చేరారు. గేదెల్ని తాళ్ళు కోసి వదిలేశారు. తాటాకిల్లు గోడలతో సహా పోయింది. గట్టు మీద తాటాకులు కప్పుకుని వారాల తరబడి ఉన్నారు. మన సమాఖ్యలో ఒక సభ్యురాలు ఆ గట్టు మీదే పుట్టింది. బారసాలకి పెట్టిన పేరు వేరే అయినా ఊళ్ళో అందరూ ఆమెని వరదమ్మ అనే పిలుస్తారు. బ్యాంకు కాగితాల మీద తప్ప అసలు పేరు మాకే గుర్తుండదు.

ఇక్కడ ఊరి వైపు అక్కలు చెప్పినది కూడా రాయాలి, ఎందుకంటే లంకవాళ్ళం మా కథే చెప్పుకుంటామని వాళ్ళ ఫిర్యాదు. 1986లో గట్లకి చాలా చోట్ల గండ్లు పడ్డాయి. లంకలో నీళ్ళు మెల్లగా, గంట గంటకీ మెట్టు మెట్టుగా వస్తాయి. గండి పడితే అలా కాదు. రాత్రి పూట గట్టు తెగిందంటే ఒక్క ఊపున వస్తుంది. పైగా వచ్చిన నీరు తిరిగి ఏట్లోకి పోవడానికి దారి లేదు, గట్టే అడ్డం. ఒక అక్క చెప్పింది: "మీకు మూడు రోజుల్లో తీసింది, మా చేలో ఇరవై రోజులుంది. మీరు పడవ కట్టుకుని ఉంటారు, మాకు ఈతే రాదు." ఆ తర్వాతి ఏళ్ళలో 1986 మట్టాన్ని లెక్కలో పెట్టుకుని గట్లు ఎత్తు పెంచే పనులు చేపట్టారు. అయినా 2006 ఆగస్టులో భద్రాచలం 66.9 అడుగులకి వచ్చినప్పుడు కోనసీమలో మళ్ళీ గండి పడింది. 1986లో మనకి సంఘాలు లేవు. 2006 నాటికి ఉన్నాయి గానీ వరదంటే సంఘం పని అని మనం అనుకోలేదు. పొదుపు, అప్పు, వాయిదా, అంతే.

అడుగుల లెక్క

భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు మొదటిది, 13.75 రెండోది, 17.75 మూడోది. అక్కడ ఆ అడుగులకి దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతుంటారు. ఈ అంకెలు ఇప్పుడు ప్రతి ఫోనులోకీ వస్తాయి. 1986 అత్తగారికి అంకె అందలేదు, మనకి అందుతోంది. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న అలాగే ఉంది. ఆ అడుగులైతే మా ఇంటికేంటి?

దానికి జవాబు ఏ ఆఫీసూ ఇవ్వదు. ఇవ్వలేదు కూడా, ఎందుకంటే ఒక్కో లంక ఎత్తు ఒక్కోలా ఉంటుంది. మా లంకలో మేము కూర్చుని రాసుకున్న లెక్క ఇది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక అంటే మా కాజ్‌వే మునుగుతుంది, బడికి వెళ్ళిన పిల్లల్ని ఆ లోపే తెచ్చుకోవాలి. రెండోది అంటే పల్లపు తోటల్లో, రేవు దగ్గర ఇళ్ళలో నీళ్ళు. మూడోది అంటే మెరక మీద నాలుగిళ్ళు తప్ప అన్నీ. ఇదే లెక్క పక్క లంకకి పనికిరాదు. వాళ్ళకి మొదటి హెచ్చరికకే వాకిట్లోకి వస్తుంది. గట్టుకి ఊరి వైపు వాళ్ళు కూడా వేరే లెక్క రాసుకోవాలి, ఎక్కడ గట్టు బలహీనంగా ఉంది, ఏ తూము లీకవుతుంది అన్నది ముందు. దయచేసి మా లెక్కని ఎత్తి రాసుకోకండి. మీ ముసలమ్మల్ని కూర్చోబెట్టి మీది మీరు రాయండి.

2022

ఇక మా తప్పు చెప్తాం. జూలై నెలలో అంత వరద మేము ఎప్పుడూ చూడలేదు. మాకు పెద్ద ఏరంటే ఆగస్టు. నాట్లు వేసుకుంటున్న రోజులు. భద్రాచలం 43 దాటింది, 53 దాటింది, 60 దాటింది అని ఫోన్లలో వస్తూనే ఉంది. 16వ తేదీ తెల్లవారికి 71.3 అడుగులు. అంకె మా చేతిలో ఉంది. ఆ ఒక్క రోజూ మా చేతిలోనే ఉంది. అయినా మాలో చాలా మంది కదల్లేదు.

ఎందుకు కదల్లేదో నిజం రాయాలి. 2020 ఆగస్టులో మూడో హెచ్చరిక ఇచ్చినా మా గడప దాటలేదు. "అప్పుడూ ఇలాగే భయపెట్టారు" అన్నారు మగవాళ్ళు. మేమూ అన్నాం. రెండోది, గేదెలు. చూడి గేదెని వదిలేసి ఎవరు వెళ్తారు? దాని మీద సంఘం అప్పు ఉంది, ఆ గేదె పోతే వాయిదా ఎక్కడి నుంచి కడతాం? ముందు గేదెల్ని గట్టుకి చేరిస్తే ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని మాకు ఆ తర్వాత తెలిసింది. మూడోది ఎవరూ పైకి చెప్పరు గానీ మనం మనం గనక చెప్పుకోవచ్చు. పునరావాస కేంద్రం అంటే బడి. అక్కడ రెండు మరుగుదొడ్లు, వందల మంది. నెలసరి వచ్చిన పిల్లని, కొత్తగా కాన్పైన కోడల్ని తీసుకుని అక్కడికి ఎలా వెళ్తాం? ఇంట్లో అటక మీద ఉంటే నయం కదా అనిపిస్తుంది.

అలా అనిపించి అటకెక్కిన మూడు కుటుంబాలని అర్ధరాత్రి ఇంజను పడవ మీద తీసుకొచ్చారు. ప్రాణం ఎవరిదీ పోలేదు. నాలుగు గేదెలు, లెక్కలేనన్ని కోళ్ళు, పసుపు విత్తనం, కుట్టు మిషన్లు రెండు, ఆ మినిట్స్ పుస్తకం. ట్రంకు పెట్టెని ఎవరు తేవాలి అన్నది ముందే అనుకోలేదు. ఒకరు తెస్తారని ఒకరం అనుకున్నాం.

సాయం జాబితాల దగ్గర కూడా చేదు ఉంది. కార్డు ఇక్కడ లేని అద్దె ఇళ్ళవాళ్ళు, వలస కూలి పనికి వచ్చి తోటల్లో ఉంటున్నవాళ్ళు జాబితాలోకి రాలేదు. అడిగితే మా చేతిలో లేదన్నారు. మన సంఘం పుస్తకాల్లోనూ వాళ్ళ పేర్లు లేవు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

అదే సమయంలో ఊరి వైపు గ్రామ సంఘాల అక్కలు చేసింది మేము మర్చిపోము. మొదటి రోజు రాత్రి గట్టు మీదికి గిన్నెలతో అన్నం, పప్పుచారు మోసుకొచ్చింది వాళ్ళే. ఎవరూ చెప్పలేదు, ఏ నిధి నుంచీ తియ్యలేదు. ఇళ్ళల్లో వండుకున్నది తెచ్చారు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు ఇప్పుడు బడి భోజనానికి పెట్టారు, మన అక్విడెక్టుకీ పెట్టారు. ఆవిడ 1909లో పోయారు. వచ్చినవాళ్ళకి ఏ వేళైనా అన్నం పెట్టడమే ఆవిడ చేసిన పని. ఆ రాత్రి ఒక పెద్దామె గిన్నె దించుతూ, "సీతమ్మగారి నేలమ్మా ఇది, తినండి" అంది. తిన్నాం.

ఆపలేమా?

సంఘం సమావేశాల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అంత పెద్ద బ్యారేజీ ఉంది కదా, గేట్లు మూస్తే పోలేదా? పోదు. ధవళేశ్వరం బ్యారేజీలో పట్టే నీరు సుమారు 3 టీఎంసీలు. 25 లక్షల క్యూసెక్కుల వరదలో అన్ని నీళ్ళు రావడానికి ఇరవై నిమిషాలు చాలు. అది కాలవలకి నీళ్ళు మళ్ళించే కట్ట, వరద దాచే చెరువు కాదు. పోలవరం స్పిల్‌వేకి 48 గేట్లు పెట్టి 50 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలేలా కట్టారు. అంటే పెద్ద వరద వస్తే అక్కడా వదిలేదే.

చిన్న ఏరైతే ఆపడం కొంత కుదురుతుంది. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. పైన ఉన్న చెరువులు వరసగా తెగడం వల్ల వరద ఎంత పెరిగిందో ఆయన లెక్క కట్టి, నగరానికి పైన జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. అంత చేసిన నగరంలోనే 2020 అక్టోబరులో కాలనీలు మునిగాయి, నాలాలూ చెరువులూ ఇళ్ళైపోయాక నీరు పోవడానికి చోటేది? 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు గండ్లు. అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళకి పడవ ఎక్కడం అదే మొదటిసారి.

వాతావరణం మారుతోందని అంటున్నారు కదా, అది ఊరికే అనే మాట కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే తేమ దాదాపు 7 శాతం పెరుగుతుంది. పట్టినంతా ఒక్కసారే దించుతుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 1950 నుంచి 2015 దాకా లెక్కలు తీసి, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల సందర్భాలు మూడు రెట్లయ్యాయని 2017లో చెప్పారు. మధ్య భారతం అంటే మనకి దూరం అనుకోకండి. ప్రాణహిత, ఇంద్రావతి నీళ్ళు అక్కడివే. కాబట్టి ఇక మీదట వరదకి ఆగస్టు అనే నియమం ఉండకపోవచ్చు. మా అత్తగార్ల పంచాంగం మాకు సగమే పనికొస్తుంది.

ఆపడం మన చేతిలో లేదు గానీ నష్టం తగ్గించుకోవడం కొంత ఉంది. 2022 తర్వాత మా లంకలో చేసినవి చెప్తాం, గొప్పకి కాదు, ఇంకా సగం పనులే అయ్యాయి. ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నవాళ్ళు అరుగు 2022 గుర్తు కన్నా పైకి లేపారు, అందరి దగ్గరా అంత డబ్బు లేదు. సంఘం పుస్తకాలన్నీ మూత బిగిసే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి, మొదటి హెచ్చరికకే డ్రమ్ము గట్టు దాటించే పని ఇద్దరికి పేరు పెట్టి అప్పగించాం. ఆ ఇద్దరూ ఊళ్ళో లేకపోతే ఇంకో ఇద్దరు. జెల్ పెన్ను వాడితే పది రూపాయలు జరిమానా. నెలలు నిండినవాళ్ళు, మంచం మీద ఉన్నవాళ్ళు, మందులు మింగేవాళ్ళ జాబితా జూన్ మొదటి సమావేశంలో రాస్తాం. ఈసారి అద్దె ఇళ్ళవాళ్ళు, తోటల్లో కూలీలు కూడా అందులో ఉన్నారు. బడి హెడ్మాస్టారుతో మాట్లాడి ఒక గది తలుపు గడియతో సహా ఆడవాళ్ళకి మాత్రమే అని ఒప్పించాం. గుడ్డలు, ప్యాడ్లు, క్లోరిన్ బిళ్ళలు, టార్చి ఒక పెట్టెలో అక్కడే ఉన్నాయి. గేదెలకి గట్టు అవతల ఎండుగడ్డి వామి ఒకటి ముందే వేయిస్తున్నాం. 112, 1070 నంబర్లు ప్రతి ఇంటి తలుపు వెనకాల రాశాం. చదువు రాని అత్తగార్లకి మనవళ్ళు నేర్పారు.

తీర్మానం

ఇప్పుడు వాయిదా పడిన సంగతి. ప్రతి సభ్యురాలు నెలకి పది రూపాయలు అదనంగా కట్టి సమాఖ్య దగ్గర ఒక వరద నిధి పెట్టాలని లంక సంఘాల తరఫున మేము తీర్మానం పెట్టాం. పడవ కిరాయికి, పశువుల్ని తరలించడానికి, మునిగినవాళ్ళ వాయిదా ఒకటి రెండు నెలలు నిధి నుంచి సర్దడానికి. ఎందుకంటే 2022లో ఆ రెండు నెలల వాయిదా కోసమే మాలో కొందరు ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళ దగ్గర వారం వడ్డీకి తీసుకున్నారు. ఆ అప్పు వరద కన్నా ఎక్కువ కాలం ఇంట్లో ఉంది.

ఊరి వైపు అక్క ఒకామె లేచి అడిగింది. "ఏటా మునిగేది మీరు, ఏటా కట్టేది మేమా? 1996 నవంబరు తుఫానుకి మా కొబ్బరి తోటలు మొదలంటా పోయాయి. చెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ రోజు లంకల నుంచి ఎవరొచ్చారు?" సభలో ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు, ఎందుకంటే మా దగ్గర జవాబు లేదు. అప్పటికి చిన్నపిల్లలం అని చెప్పొచ్చు, కానీ మా అమ్మలు పెద్దవాళ్ళే కదా. తీర్మానం వాయిదా పడింది.

ఆ రోజు ఇంటికి వస్తూ పడవలో మాకు కొంచెం కోపంగానే ఉంది. ఇది రాయడానికి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని 1986 గండ్ల గురించి విన్నాక ఆ కోపం తగ్గింది. ఊరి వైపు వాళ్ళకి ఏ రాత్రి తెగుతుందో తెలీదు. మాకు భద్రాచలం అంకె, ఒక రోజు గడువు ఉన్నాయి, గండికి ఏ అంకే లేదు. అది తెలిశాక తీర్మానం మార్చి రాశాం. ఇప్పుడది వరద నిధి కాదు, వరద-గాలి నిధి. గండి పడినా, తుఫానుకి చెట్లు పడినా, ఇల్లు కాలినా ఇవ్వాలని చేర్చాం. ఎవరికి ఎంత అన్నది లంకల నుంచి ఇద్దరు, ఊరి వైపు నుంచి ఇద్దరు కూర్చుని తేల్చాలి. నెలకి పది ఎక్కువనుకుంటే అయిదుకి కూడా మేము ఒప్పుకుంటాం. ఏ గ్రామ సంఘమైనా ఇందులో ఇంకేదైనా మార్చాలంటే మహాసభకి ముందే రాసి పంపండి, బాల్ పెన్నుతో.

మా గ్రామ సంఘం ఆఫీసు గోడ మీద 2022 నీటి గుర్తు నీలం రంగుతో గీశాం, నిలబడితే మా భుజం దాకా వస్తుంది. దాని మీద ఎర్ర రంగుతో 1986 గుర్తు గీయాలి. ఎంత ఎత్తులో గీయాలో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు. వచ్చే ఆదివారం వాళ్ళని తీసుకొచ్చి కుర్చీలు వేసి కూర్చోబెడుతున్నాం. గీత వరదమ్మ గీస్తుంది.